జానెడు చూపు

మార్చి 4, ఆదివారం

కళ్ళకి లేజర్ ఆపరేషన్ చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. పనిలో మాస్కు కట్టుకుంటే అద్దాలకి ఆవిరి పట్టేస్తోంది. కారణం అదే.

ఈత కొలను దగ్గర జరిగింది మాత్రం రాయను.

మార్చి 5, సోమవారం

మా ఆవిడకి పొద్దున్నే చెప్పాను. తను సిటీ బస్సు నడుపుతుంది. డిపోకి వెళ్ళే హడావిడిలో బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. డ్రైవర్లకి ఏటా కళ్ళ పరీక్ష ఉంటుంది. ఏటా పాసై వచ్చి, బోర్డు మీది అట్టడుగు వరస నాకు అప్పజెప్పి మరీ ఏడిపిస్తుంది.

"ఆవిరా?" అంది తలెత్తకుండానే.

"ఆవిరే. బల్ల దగ్గర అస్తమానం తుడుచుకోలేక చస్తున్నా."

"బల్ల దగ్గర నువ్వు కళ్ళజోడు పెట్టుకోవుగా?"

నేను ఏదో అన్నాను. తను వెళ్ళిపోయింది.

నిజమే, పెట్టుకోను. నేను చేసేది పళ్ళు. డెంటిస్టులు అచ్చులు తీసి పంపితే, ల్యాబులో కూర్చుని పింగాణీ పొడి తడిపి, కుంచెతో పొర మీద పొర వేసి, కాల్చి, పన్ను చేస్తాను. పని మొదలెట్టగానే ఈ సోడాబుడ్డి అద్దాలు తీసి పక్కన పడేస్తాను. పన్నుని ముక్కు దాకా తెచ్చుకుంటే చాలు. జానెడు లోపల నా కళ్ళు భూతద్దాలే. పంటి మీద నిలువుగా సాగే సన్నటి గీతలు, అంచున దాగిన నీలి జీర, అన్నీ కనిపిస్తాయి. జానెడు దాటితే లోకమంతా పొగమంచు. మా ఓనరు కళ్ళకి లూపు, అంటే చిన్న భూతద్దాల జోడు, తగిలించుకుంటే తప్ప పని చేయలేడు. నన్ను డాక్టర్లకి "వీడు ముక్కుతో పళ్ళు చేస్తాడండీ" అని పరిచయం చేస్తాడు.

కాబట్టి ఆవిరి అబద్ధం.

మార్చి 6, మంగళవారం

రాసేస్తే బరువు తగ్గుతుందేమో.

మా అమ్మాయి బుడంకాయకి ఆరేళ్ళు. ఈత నేర్చుకుంటోంది. ఆదివారాలు అమ్మానాన్నలు కూడా లోతు లేని వైపు దిగొచ్చు. నాకు ఈత రాదు. నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాను. కళ్ళజోడు గట్టు మీద తువ్వాలు మడతలో ఉంది. పిల్లలందరికీ ఒకే రకం నీలం టోపీలు. నాకు కనిపించేవి నీలం మరకలు, నీళ్ళ తళుకులు, అంతే. బుడంకాయ నా చుట్టూ తిరుగుతోంది. గొంతు వినిపిస్తున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంది.

తర్వాత గొంతు వినిపించలేదు. ఎవరో "పాపా! పాపా!" అని అరిచారు. ఒక నీలం టోపీ మునగడం చూశాననుకున్నాను. నీళ్ళు తోసుకుంటూ వెళ్ళి రెండు చేతులా పట్టుకుని పైకి లాగాను. ఆ పిల్ల కెవ్వుమంది. ముఖం దగ్గరికి తెచ్చుకుని చూస్తే ఎవరి పిల్లో. వాళ్ళ నాన్న వచ్చి నన్ను తోశాడు.

"ఏం మనిషివయ్యా? కళ్ళు కనపడవా?"

కనపడవు అని చెప్పాల్సింది.

బుడంకాయ తాడు దాటి లోతు వైపు వెళ్ళిపోయిందట. కోచ్ దూకి బయటికి తీసింది. గట్టు మీద కూర్చుని దగ్గుతూ నీళ్ళు కక్కుతోంది. నేనింకా నీళ్ళలోనే ఉన్నాను. అదెక్కడుందో తెలియక తప్పు దిక్కుకి తిరిగి, దాని పేరు పెట్టి అరుస్తున్నాను.

తప్పు దిక్కుకి.

బరువేమీ తగ్గలేదు.

మార్చి 7, బుధవారం

ఈత క్లాసు మాన్పించేశాను. నా కళ్ళు బాగయ్యాక మళ్ళీ చూద్దాం అన్నాను. కొలను సంగతంతా కోచ్ అప్పటికే మా ఆవిడకి ఫోన్లో చెప్పేసిందట. తన బదులు వంటింట్లో గిన్నెలు మాట్లాడాయి.

మార్చి 10, శనివారం

అక్కకి ఫోన్ చేశాను. అక్క ఈ ఆపరేషన్ చేయించుకుని చాలా ఏళ్ళయింది. ఎప్పుడడిగినా "బ్రహ్మాండం రా" అంటుంది. ఇవాళా అదే అంది.

"అక్కా, ఆస్పత్రి వాళ్ళ కరపత్రం చదవకు. నిజం చెప్పు."

తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

"కళ్ళు ఎండిపోతాయి రా. పొద్దున్నే రెప్ప తెరిస్తే లోపల ఇసుక పోసినట్టు ఉంటుంది. చుక్కల మందు సంచీలో లేకుండా గడప దాటను. చీకటి పడ్డాక కారు లైట్లన్నిటికీ చంద్రుడికి వరదగుడి కట్టినట్టు వెలుగు వలయం కడుతుంది. అందుకే సాయంత్రం దాటితే మీ బావనే తోలమంటా. అందరికీ ఇలాగే ఉండాలని లేదు. నాకు వచ్చింది."

"మరి ఇన్నేళ్ళూ బ్రహ్మాండం అన్నావు!"

"బ్రహ్మాండమే కదా. ఇవాళ మళ్ళీ మొదటికొస్తే మళ్ళీ చేయించుకుంటా."

"అదేంటక్కా?"

"వానలో తల దించుకోకుండా నడుస్తున్నా. పిల్లాణ్ణి ఎత్తుకుంటే వాడు ముఖం మీద ఎలా కొట్టినా నాకు భయం లేదు. నీకివన్నీ చిన్న సంగతులు, నాకు కాదు. అందుకని ఆ ఇసుక భరిస్తున్నా. నువ్వేది భరించగలవో నాకేం తెలుసు?"

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. అక్క కళ్ళ గురించి ఇన్నేళ్ళలో నేను సరిగ్గా అడిగిందే లేదు.

మార్చి 13, మంగళవారం

కంటి ఆస్పత్రి. గడ్డం ఒకచోట ఆనించమన్నారు, నుదురు ఒకచోట. "రెప్ప వేయకండి" అని ఆ పరీక్షలు చేసే అమ్మాయి ఎంత మెత్తగా అందో, నా రెప్పలు అంత మొండికేశాయి. చుక్కలు వేసి కూర్చోబెట్టారు. చివరికి డాక్టరు గారు పిలిచారు. ఆవిడకీ కళ్ళజోడుంది.

"కార్నియా మందంగానే ఉంది. పవర్ చాలాకాలంగా పెరగలేదు. కళ్ళు పొడిబారి లేవు. చేయొచ్చు," అన్నారు. "చేయొచ్చు అన్నాను, చేయాలి అనలేదు. మీకెందుకు కావాలో చెప్పండి."

ఆవిరి అనబోయి కొలను సంగతి మొత్తం చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఆవిడ అడ్డు రాకుండా విన్నారు.

"ఈత కోసమైతే పవర్ ఉన్న గాగుల్స్ దొరుకుతాయండీ. కింద షాపులోనే చేసిస్తారు."

ఒళ్ళు మండింది. నాకు జరిగిన దానికి జవాబు షాపులో దొరుకుతుందా?

తర్వాత ఉద్యోగం అడిగారు. చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టి నా వైపు తిరిగారు.

"అయితే ఇది బాగా ఆలోచించాల్సిన సంగతి. ఆపరేషనంటే చూపుని దగ్గర్నించి దూరానికి జరపడం. అద్దాల్లేకుండా ముక్కు దగ్గర కనిపించేదంతా పోతుంది. పైగా మీకు నలభై ఎంతో దూరం లేదు. అది దాటాక చదవడానికి ఎలాగూ అద్దాలు వస్తాయి. లూపు పెట్టుకుని పని చేయగలరా?"

"చేయగలననుకుంటాను."

"అనుకోవద్దు. కాంటాక్ట్ లెన్సులు ఇస్తాను. కొన్నాళ్ళు వాటితో పని చేసి చూడండి. ఆపరేషన్ తర్వాత బతుకు దాదాపు అలాగే ఉంటుంది. లెన్సులతో నీళ్ళలో మాత్రం దిగకండి."

లేవబోతూ అడిగేశాను. "మీరెందుకు చేయించుకోలేదు?"

నవ్వారు. "అందరూ అడుగుతారు. రోజుకొక జవాబు చెప్తుంటాను. అసలు జవాబేమిటంటే, నాకీ కళ్ళజోడుతో ఇబ్బంది లేదు. ఈ ఆపరేషన్ అవసరమైన వాళ్ళు చాలా తక్కువండీ. ఎక్కువమంది కావాలనుకునే వాళ్ళే."

బయటికొస్తే ఎండ కళ్ళలో గుచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని స్టాపులో నిలబడ్డాను. వచ్చిన బస్సు మా ఆవిడదే. నేను బస్సుని చూడలేదు. రెండు పొట్టి హారన్లు విని ఎక్కాను. ఆఖరి స్టాపులో అందరూ దిగాక తన వెనక సీట్లో కూర్చున్నాను.

"ఏమంది?"

"చేయొచ్చంది."

"మరి ముఖమేంటి అలా ఉంది?"

"గాగుల్స్ కొనుక్కోమంది."

తను నవ్వింది. స్టీరింగు మీద తల పెట్టుకుని మరీ నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆపింది. అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగింది.

"ఒకటి చెప్పు. నీ బాధ పిల్ల మునిగినందుకా, ఆయనెవరో నలుగురిలో అంత మాట అన్నందుకా?"

తిరుగు ప్రయాణంలో మా వీధి రాకముందే దిగిపోయాను.

మార్చి 14, బుధవారం

రెండిటికీ.

మార్చి 16, శుక్రవారం

గాగుల్స్ ఆర్డరిచ్చాను. లెన్సులు తెచ్చుకున్నాను. రెండూ ఒకే షాపు. షాపాయన నన్ను వింతగా చూశాడు.

లెన్సులు పెట్టుకోవడమంటే కంట్లో వేలు పెట్టుకోవడమే. పొద్దున్నుంచీ కుస్తీ పట్టి, ఏడ్చి, చివరికి పెట్టుకున్నాను. లోకం పెద్దదైపోయింది! మందపాటి అద్దాల్లోంచి చూస్తే అన్నీ చిన్నవిగా కనిపిస్తాయట, నాకు తెలియనే తెలియదు. తలుపులు పెద్దవయ్యాయి. నా చేతులు మా నాన్న చేతుల్లా ఉన్నాయి. బుడంకాయ బడి నుంచి వస్తే ఒక్క రోజులో పొడుగెదిగినట్టు అనిపించింది.

"ఏంటి నాన్నా అలా చూస్తున్నావు?"

"పెద్దదానివైపోయావే."

"నిన్ననే పెద్దదాన్నయ్యా," అంది.

మార్చి 25, ఆదివారం

గాగుల్స్ వచ్చాయి. బుడంకాయని కొలనుకి తీసుకెళ్ళాను. దానికి భయం వేస్తుందేమోనని దారంతా నేను భయపడ్డాను. అది గట్టు మీంచి దబ్బున దూకింది. గాగుల్స్‌లోంచి దాని టోపీ, ముక్కు, ఊడిన పన్ను సందు, అన్నీ కనిపించాయి. తాడు కనిపించింది. కోచ్ ఎక్కడుందో కనిపించింది.

"నాన్నా, నువ్వు కప్పలా ఉన్నావు!" అని కొలనంతా వినపడేలా అరిచింది.

ఇంటికొచ్చాక ఒకటే ఆలోచన. కారణం పోయింది. కోరిక పోలేదు. ఇదేమిటి?

మార్చి 28, బుధవారం

సంగీతం పంతులమ్మ ఒకావిడకి ముందు పన్ను చేశాను. లెన్సులు పెట్టుకుని, ఓనరు పాత లూపు తగిలించుకుని చేసిన మొదటి ముందు పన్ను అది. ఇవాళ వెనక్కి వచ్చింది. రంగు సరిపోయింది, కొలత సరిపోయింది. కానీ అద్దంలో చూసుకుని ఆవిడ డెంటిస్టుతో "పన్ను బాగుందండీ, నాది కాదు" అందట.

లెన్సులు తీసేశాను. పన్నుని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాను. ఆవిడ చెప్పింది నిజం. సబ్బుబిళ్ళలా ఉంది. మళ్ళీ మొదట్నించీ చేశాను.

సంతోషం వేసింది. ఆపరేషన్ వద్దనడానికి మంచి కారణం దొరికింది కదా.

మార్చి 29, గురువారం

సంతోషం ఒక్కరోజే. ఓనరుతో గొప్పగా చెప్పాను: "ఈ పని నా కళ్ళతోనే అవుతుందండీ, లూపుతో కాదు."

ఆయన తన డ్రాయరు తీసి, నిన్న చేసిన పన్నొకటి నా అరచేతిలో పెట్టాడు. సన్నటి గీతలు, నీలి జీర, లోపల ఏళ్ళనాటిదా అనిపించే చిన్న పగులు, అన్నీ ఉన్నాయి.

"లూపు కొత్తలో నావీ సబ్బుబిళ్ళలే," అన్నాడు. "దానికి చెయ్యి అలవాటు పడాలి. ఒక ఏడాది చచ్చినట్టు తిప్పలు పడతావు. తర్వాత వచ్చేస్తుంది. నీకు చేయించుకోవాలని లేకపోతే మానెయ్, అంతేగానీ నా లూపుని అనకు."

మార్చి 30, శుక్రవారం

ఒక్కొక్క సాకూ ఊడిపోతోంది. చేయించుకోవడానికి చెప్పినవీ సాకులే, మానడానికి చెప్పినవీ సాకులే. మిగిలింది రెండే. కావాలని ఉంది. భయంగా ఉంది.

ఏప్రిల్ 2, సోమవారం

మళ్ళీ డాక్టరు గారు. చెప్పుకోవడానికి కారణమేదీ లేకుండా వెళ్ళాను.

"నాకు అవసరం లేదండీ. గాగుల్స్ ఉన్నాయి, కళ్ళజోడు ఉంది. పని నేర్చుకోవాలంటే ఏడాది పడుతుంది. అయినా కావాలనిపిస్తోంది. ఇది మూర్ఖత్వమా?"

"ఏం కావాలనిపిస్తోంది?"

"చిన్నప్పుడు బడిలో అద్దాలు వచ్చాయి. అప్పట్నించీ పొద్దున లేవగానే ముందు తడుముకోవడమే నా పని. తడుముకోకుండా లేవాలని ఉంది. కళ్ళు తెరవగానే గది గదిలా ఉండాలి."

చాలా చిన్న కోరిక. పైకి చెప్పగానే సిగ్గేసింది. ఆవిడకి నవ్వు రాలేదు.

"పోయేదేంటో తెలిసి అడుగుతున్నారు. చాలామందికి అది తెలియదు," అన్నారు. ఆ తర్వాత జరగగలిగిన చెడ్డవన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పారు. అక్క చెప్పిన ఇసుక, వరదగుడి రెండూ వాటిలో ఉన్నాయి. పవర్ కొంత మిగిలిపోవచ్చు. అరుదుగా చూపే దెబ్బతినొచ్చు. "ఇవన్నీ విన్నాక ఇంటికెళ్ళి ఆలోచించండి. లెన్సులు మానేయండి. మళ్ళీ కొలతలు తీసుకున్నాక కూడా మీరు వద్దనొచ్చు. బల్ల మీద పడుకున్నాక వద్దన్నా నేనేమీ అనుకోను."

ఆ ఆఖరి మాటకే నాకు ధైర్యం వచ్చింది.

ఏప్రిల్ 3, మంగళవారం

మా ఆవిడకి చెప్పాను. ఈసారి ఆవిరి అనలేదు, కొలను అనలేదు. "కావాలని ఉంది" అన్నాను.

"ఈ ముక్క మొదటి రోజే అంటే అయిపోయేదిగా," అంది.

ఏప్రిల్ 12, గురువారం

వద్దు.

ఏప్రిల్ 13, శుక్రవారం

వద్దనుకున్నందుకు పొద్దున్నుంచీ దిగులుగా ఉంది. కాబట్టి కావాలి.

ఏప్రిల్ 20, శుక్రవారం

రేపే.

ల్యాబులో చివరి పన్ను నా పద్ధతిలో, ముక్కుతో చేశాను. ఎవరిదో దవడపన్ను. నోరు పూర్తిగా తెరిస్తే తప్ప ఎవరికీ కనిపించదు. అయినా దాని గుంటలో ఉన్న గోధుమరంగు గీతని ఎంతసేపు దిద్దానో. ఓనరు దాన్ని లైటు కింద తిప్పి చూశాడు. ఇంటికెళ్ళమని లైటు ఆర్పేశాడు.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే కళ్ళజోడు తీసేసి కూర్చున్నాను. బుడంకాయ బొటనవేలు దగ్గరికి తెచ్చుకుని చూశాను. సుడిలో సుడి, మధ్యలో స్కెచ్ పెన్ను రంగు. "అయిందా? ఆడుకోవాలి," అంది.

మా ఆవిడని కూర్చోమన్నాను.

"ఇప్పుడేంటి, నా పళ్ళు చూస్తావా?"

"ముఖం."

నవ్వబోయి ఊరుకుంది. జానెడు దూరంలో తన ముఖం. కనుబొమలో చిన్న మచ్చ, రెప్ప మీద తెల్లబడిన ఒక్క వెంట్రుక, పెదవి చివర గీత. పెళ్ళయిన కొత్తలో తనతో ఒక మాటన్నాను. కళ్ళజోడు తీసేస్తే లోకంలో నువ్వొక్కదానివే కనిపిస్తావు, మిగతాదంతా పొగమంచు అని. అప్పుడది సినిమా డైలాగులా వినిపించి తను నవ్వింది. అది డైలాగు కాదు, నా పవర్. రేపటి నుంచి ఇంత దగ్గరగా వస్తే తన ముఖమే మసకబారుతుంది. స్పష్టంగా చూడాలంటే కాస్త వెనక్కి జరగాలి.

ఆ సంగతి తనకి చెప్పాను.

"జరుగు మరి," అంది. "పోయేదేముంది, నేనిక్కడే ఉంటాగా." అని మాత్రం అంది గానీ, తనూ వెంటనే లేవలేదు.

ఏప్రిల్ 21, శనివారం

(మా ఆవిడ చేత రాయిస్తున్నాను. నేను కళ్ళు మూసుకుని చెప్తున్నాను.)

కంట్లో చుక్కలు వేశారు. మొద్దుబారింది. రింగు ఒకటి పెట్టి నొక్కినప్పుడు చూపు బూడిదరంగై ఆరిపోయింది. ఆ కాస్సేపు ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. తర్వాత టకటకమని చప్పుడు, వెంట్రుక కాలిన వాసన. డాక్టరు గారు "బాగా చూస్తున్నారు, బాగా చూస్తున్నారు" అంటూనే ఉన్నారు. ఆ మాట నాతో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు కళ్ళలో ఉల్లిపాయ కోసినట్టు మంట. రాసే మనిషి నా మాటలు కొన్ని ఎగ్గొడుతోందని నా అనుమానం.

(ఎగ్గొట్టడం లేదు. వీడు మందుల మత్తులో వాగుతున్నాడు.)

ఏప్రిల్ 22, ఆదివారం

కళ్ళకి పని చెప్పొద్దన్నారు. ఈ నాలుగు ముక్కలూ రాసి మూసేస్తాను.

పొద్దున మెలకువ వచ్చింది. అలవాటుగా చెయ్యి తలగడ పక్కకి పోయింది. కళ్ళజోడు లేదు. నిద్రలో రుద్దుకోకుండా కళ్ళకి అంటించిన చిల్లుల ప్లాస్టిక్ డిప్పలు మెల్లగా తీశాను.

గది గదిలా ఉంది. గోడ మీద చిన్న పగులు కప్పు దాకా ఎక్కింది. కిటికీ చువ్వల తుప్పు కనిపించింది. బయట తీగ మీద ఆరేసిన బుడంకాయ గౌను పువ్వులు కూడా లెక్కపెట్టొచ్చు.

మా ఆవిడ బీరువా దగ్గర నిలబడి ఉంది. నేను లేచానని తనకి తెలియదు. ఒక చేత్తో బీరువా పిడి పట్టుకుంది, ఇంకో చెయ్యి నడుం మీద ఉంది. వంగిన ఒంటిని కొంచెం కొంచెంగా నిటారు చేస్తోంది. పెదవి పళ్ళ కింద బిగబట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. అంత నొప్పి ఆ ముఖం మీద నేనెప్పుడూ చూడలేదు. రోజూ ఈ వేళకి అక్కడ ఒక పొడుగాటి మసక కదిలేది, "లేచావా?" అని హుషారుగా పలకరించేది. నేను కళ్ళజోడు తడుముకునేలోపు ఆ మసక కాస్తా మా ఆవిడయ్యేది, నవ్వుతూ.

నిటారుగా అయింది. అరచేత్తో ముఖం తుడుచుకుంది. ఇటు తిరిగేసరికి నవ్వు సిద్ధంగా ఉంది.

"లేచావా? కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"ఏం కనిపిస్తోంది?"

"నడుం ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

తను నా కళ్ళలోకి చూసింది. తర్వాత ఇంకా నడుం మీదే ఉండిపోయిన తన చేతిని చూసుకుంది.

"ఇన్నేళ్ళూ పొద్దున పూట హాయిగా ఉండేది నాకు," అంది. "ఎవరూ చూడకుండా ఓ నిమిషం మూలిగేదాన్ని."

"డిపోలో తెలుసా?"

"తెలిస్తే బస్సు ఇస్తారా?"

పక్కకి జరిగి మంచం మీద చోటిచ్చాను. తను వచ్చింది. నా భుజం పట్టుకుని, నొప్పి ముఖం మీద కనిపిస్తున్నా దాచుకోకుండా, మెల్లగా వంగి నా పక్కన కూర్చుంది.